గెనిమ తెగ్గొట్టిన ఏడు

నేను కాపురానికి వచ్చేసరికే మా మామకూ ఆయన తమ్ముడికీ మాటల్లేవు. పెళ్లిచూపుల్లో ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినంత సంగతి అని వాళ్లు అనుకుని ఉండరు. వచ్చిన వారానికే మామ వరండాలో కూర్చుని, పక్క అరుగు మీద బీడీ కాల్చుకుంటున్న చిన్నమామకు బాగా వినపడేటట్టు నాతో అన్నాడు:

"అమ్మా, మీ చిన్నమామకు చెప్పు. ఆయప్ప ఎద్దు నా చేన్లో పడినాది."

నేను నాలుగడుగులు వేసి ఆ మాట చెప్పాను. చిన్నమామ బీడీ ఆర్పి, "మీ మామకు చెప్పు. ఎద్దుకు గెనిమ కనపడదని" అన్నాడు. గెనిమ అంటే రెండు చేల మధ్య ఉండే గట్టు. నేను నాలుగడుగులు వెనక్కి వేసి ఆ మాటా చెప్పాను. మామ అప్పుడే విన్నట్టు తల ఊపాడు.

అంతకుముందు ఆ పని మా అత్త చేసేది. కోడలు రాగానే ఆమె విరమించుకుంది. మేం నంద్యాలలో ఉంటాం. నేను బడిలో పాఠాలు చెబుతాను, మా ఆయన బస్సు కండక్టరు. ఆదివారం వస్తే ఆళ్లగడ్డ దాకా బస్సు, అక్కణ్నుంచి ఆటో. ఊళ్లో దిగేసరికి ఇద్దరి దగ్గరా వారం మాటలు పోగై ఉండేవి. తిట్లు ఉంటే కొంచెం తగ్గించి చేరవేసేదాన్ని. తగ్గించకపోయినా పెద్ద తేడా ఉండేది కాదు, ఎట్లాగూ ఇద్దరూ వినేవాళ్లు.

మాటలు ఎందుకు పోయాయంటే, నీళ్ల వల్ల. మా ఊరు కాలువకు చివర. నీళ్లు వస్తాయని అందరూ చెబుతారు, వచ్చినప్పుడు మాత్రం మా దాకా చేరవు, అందరం ఊళ్లో లేనట్టే ఉంటుంది. అందుకని బోర్లు. తండ్రి పోయేముందే చేను అన్నదమ్ములకు పంచాడు. మామ ముందుగా బోరు వేయించాడు, నీళ్లు పడ్డాయి. మరుసటి ఏడు చిన్నమామ అంతకంటే లోతుగా వేయించాడు, మామ బోరు ఎండింది. మామ ఇంకా లోతుకు పోయాడు, చిన్నమామది ఎండింది. ఆయన మళ్లీ పోయాడు. ఇట్లా ఇద్దరూ ఒకరినొకరు గెలుచుకుంటూ కిందికి పోయారు. ఎక్కడో ఒక మెట్టు దగ్గర మాటలు ఆగిపోయాయి. ఏ మెట్టు దగ్గరో ఇద్దరికీ గుర్తు లేదు.

మాటలు ఆగాయి గానీ కూర ఆగలేదు. చిన్నత్త చనిపోయాక చిన్నమామ ఒంటరి. ఉన్న ఒక్క కూతురు గోస్పాడులో కాపురం. ఆయన ఇంట్లో అన్నం వండుకునేవాడు, కూర మాత్రం మా ఇంట్లోంచి గిన్నెలో పోయేది. మా అత్త పంపేది. మామ ఆ గిన్నె పోవడం చూసేవాడు కాదు. అది వాకిట్లోంచే పోయేది, ఆయన వాకిట్లోనే కూర్చునేవాడు. చిన్నత్త పాడె కూడా ఆయనే ముందు పట్టాడట. దించి, తువ్వాలు దులుపుకుని, తమ్ముడితో ఒక్క మాట అనకుండా ఇంటికి వచ్చాడట.

చిన్నమామ చేను పైభాగం ఎర్రటి గరప నేల, గులకరాళ్ల దిబ్బ. అక్కడ చిన్నత్త నిమ్మ మొక్కలు పెట్టించింది. డ్రిప్పులూ అవీ లేని రోజులు. బోరు దగ్గర బిందె పట్టి, దిబ్బ ఎక్కి, చెట్టుకింతని పోసేదట. చెట్లు కాపుకు వచ్చాయి, ఆమె పోయింది. చిన్నమామ ఆ చెట్ల గురించి ఎవరితోనూ మాట్లాడడు. వాటి కింద గడ్డి మాత్రం మొలవనివ్వడు.

ఆ ఏడు వాన రాలేదు. రాలేదనడం కూడా సరి కాదు. వేరుశనగ వేసినవాళ్లకు విత్తనం మొలవడానికి సరిపడా వచ్చింది, మొలిచింది బతకడానికి రాలేదు. ముందు ఏడు ఇందుకు తలకిందులుగా జరిగింది, శనగ కోతకు వచ్చినాక కురిసి, కోయాల్సింది కుళ్లబెట్టింది. పంచాంగంలో ఏ కార్తెకు ఎంత వాన అని రాసి ఉండేది. మామ అది చదివి వినిపించడం మానేశాడు.

ఎండాకాలం దాటినా ఎండాకాలమే. ఒక ఆదివారం నేను పోయేసరికి చిన్నమామ మోటారు గాలి కక్కుతోంది. ఆళ్లగడ్డ నుంచి మోటారు మెకానిక్కు వచ్చి పైపులు పైకి లాగుతున్నాడు. ఆయన మా రెండిళ్లకూ ఎన్నో ఏళ్లుగా తెలిసినవాడు. ఒక ఇంట్లో టీ తాగితే రెండో ఇంట్లో కూడా తాగి పోయే మనిషి.

"ఏంది భాయ్, మళ్ల కాలిపోయిందా?" అన్నాను.

"మోటారు బాగుండాదక్కా. నీళ్లే లేవు." ఆయన చేతులు తుడుచుకున్నాడు. "ఒకే బొండాంలో ఇద్దరు గొట్టాలు పెట్టి పీలుస్తాండారు. ఎవరి గొట్టం పొడుగైతే ఏంది, బొండాం అయిపోయినాది."

"ఈ మాట వాళ్లతో చెప్పచ్చు కదా?"

"ఎన్నోసార్లు చెప్పినా. ఇద్దరూ అవుతలాయన గొట్టం తీసేయమంటారు. నాకేం నష్టం లేదులే అక్కా, దింపినప్పుడూ పనే, లాగినప్పుడూ పనే."

మామ బోరులో మాత్రం ఇంకా సన్నగా నీళ్లు ఉన్నాయి. ఆయన ఆ నీళ్లతో వరి నారు పోసుకున్నాడు. ఊరంతా ఎండి ఉంటే మామ నారుమడి ఒక్కటే పచ్చగా, కొంచెం సిగ్గులేనట్టు ఉండేది. గెనిమకు అవతల, దిబ్బ మీద, నిమ్మాకులు లోపలికి ముడుచుకుని ఉన్నాయి. చిన్నమామ ట్యాంకరుతో నీళ్లు తెప్పించి ఒకసారి పోశాడు. ట్యాంకరు రెండోసారి రాలేదు, ఊళ్లో తాగడానికే చాలడం లేదు. అప్పుడాయన బిందె తీశాడు. పంచాయతీ కొళాయి దగ్గర పట్టుకుని, సైకిలు మీద పెట్టుకుని చేనికి పోయేవాడు. దారిలో సగం ఒలికేది.

మామ వరండాలో కూర్చుని ఆ సైకిలు పోవడం, రావడం చూశాడు. కూర గిన్నెను చూడనట్టు దీన్ని చూడకుండా ఉండలేకపోయాడు.

మరుసటి ఆదివారం నేను చెప్పులు విడవకముందే పిలిచాడు.

"అమ్మా, మీ చిన్నమామకు చెప్పు. నా పైపు కారుతాండాది. ఆ నీళ్లు పొయ్యి ఆయప్ప చెట్లలో పడతాండాయి. దానికి నన్నేం అనొద్దని చెప్పు."

నేను చేనికి పోయి చూశాను. బోరు దగ్గర మొదలైన పైపు నారుమడిని వదిలేసి, చేను పొడుగునా వచ్చి, గెనిమ ఎక్కి దిగి, మొదటి నిమ్మచెట్టు పాదులో మూతి పెట్టి ఉంది. కదలకుండా పైపుకు రెండు వైపులా రాళ్లు కూడా పెట్టి ఉన్నాయి. అంత పద్ధతిగా కారే పైపును నేను అంతవరకు చూడలేదు.

చిన్నమామ అప్పటికే అక్కడ ఉన్నాడు. బిందె పక్కన పెట్టి, గొంతుకూర్చుని, పాదులో నీళ్లు ఇంకడం చూస్తున్నాడు. నేను మామ చెప్పింది చెప్పాను. ఆయన పాదు అంచున మట్టి ఎగదోశాడు. నేను ఇక బయలుదేరదామనుకుంటుండగా గొంతు సరిచేసుకున్నాడు.

"మీ మామకు చెప్పు. ఈ చెట్టుకు ఫరవాలేదు. పైన దిబ్బ మీదివి జాస్తి ఎండినాయి. కారేదేదో ఆడ కారమను."

నేను ఈ మాటను ఎట్లా చెప్పాలో దారి పొడుగునా ఆలోచించాను. చివరికి ఉన్నదున్నట్టే చెప్పాను. మామ "వానికి ఎప్పుడూ వంకలే" అన్నాడు. పక్కింటివాళ్లను ఇంకో రెండు పైపులు అడిగి తెచ్చుకున్నాడు. తెల్లారి పైపు దిబ్బ మీద కారింది.

ఆ పూటే ఆయన నారుమడిలోకి గేదెలను తోలాడు. పచ్చటి నారు అవి తింటుంటే పక్కన నిలబడి చూశాడు. మా అత్తకు ముందుగా చెప్పలేదు. తర్వాతి ఆదివారం ఆమె వంటింట్లో నా చెవిలో, "ఏం అడగొద్దు. మొగం చూసినావా" అంది. నేను అడగకుండా ఉండలేకపోయాను. సాయంత్రం కాళ్లు కడుక్కుంటున్నప్పుడు అడిగాను.

"ఏం మామా, నారు మేపేసినావంట?"

"వరి నాటితే నడుం నొస్తాది ఇప్పుడు."

"నువ్వెప్పుడు నాటినావు? కూలోళ్లు కదా నాటేది."

ఆయన చెంబు కింద పెట్టాడు. "ఆ యమ్మ బిందెలతో పోసి పెంచినాది. నేను ఈ గెనిమ మీద నిలబడి చూసినా. అప్పుడు నా బోరు నిండుగా పోతాండె." చెంబు మళ్లీ తీసుకుని, "చెట్లు ఏం చేసినాయిలే" అన్నాడు. కాళ్లు రెండోసారి కడుక్కుని లోపలికి పోయాడు.

అన్ని చెట్లూ బతకలేదు. సన్నటి ధార అది, దిబ్బ మొత్తానికి చాలలేదు. చిన్నమామ ఏ చెట్టు వదలాలో తనే నిర్ణయించుకున్నాడు. ఎండినవాటి కొమ్మలు నరికి, ఆ కంప, గడ్డి, జొన్న చొప్ప ఏది దొరికితే అది బతికినవాటి మొదట్లో పరిచాడు. తేమ నిలవాలని. చెట్లు జ్వరం వచ్చి దుప్పటి కప్పుకున్నట్టు కూర్చున్నాయి. మామ అది చూసి తన వైపు నుంచి చొప్ప మోపు ఒకటి గెనిమ మీద పెట్టి, మరిచిపోయినట్టు వచ్చేశాడు.

ఆ రోజుల్లోనే వ్యవసాయ ఆఫీసు నుంచి ఒకమ్మాయి వచ్చింది. స్కూటీ గెనిమ పక్కన ఆపి, రెండు చేలూ తిరిగి చూసింది. ఎర్ర దిబ్బ మీద పడ్డ వాన ఎటు జారుతుందో, కింద నల్లరేగడిలో ఎక్కడ నిలుస్తుందో అడిగింది. నీళ్లు జారే దారిలో కుంట తవ్వుకుంటే పడ్డ వాన పడ్డట్టే పోకుండా కొంత ఆగుతుందని, తవ్వకం ఖర్చు సర్కారే చూసుకుంటుందని చెప్పింది.

"వానే లేదు కదమ్మా, కుంట యాందుకు?" అన్నాడు మామ.

"వాన ఉంది పెద్దాయనా. ముందు కొంచెం కొంచెంగా వచ్చేది, ఇప్పుడు అంతా ఒకేసారి వచ్చి పోతోంది. వచ్చినప్పుడు పట్టుకోవాలి."

"వాన బుద్ధి మారితే మేం ఏం చేయాల?"

"మీరూ మార్చుకోవాలి" అంది ఆ అమ్మాయి మామూలుగా. ఇంట్లో ఎవరూ ఆయనతో అట్లా మాట్లాడలేదు. మామకు కోపం వచ్చినట్టుంది గానీ ఎండకు ఆమె మొహం ఎర్రబడి ఉండడం చూసి మజ్జిగ ఇప్పించాడు.

"ఇంతకీ కుంట యాడ తవ్వాల?"

ఆ అమ్మాయి తను నిలబడ్డ చోటు చూపించింది. ఆమె గెనిమ మీద నిలబడి ఉంది.

దాని గురించి ఇంట్లో ఎవరం మాట్లాడలేదు. చిన్నమామ ఇంట్లో మాట్లాడడానికి ఎవరూ లేరు. వారం తర్వాత నేను పోయేసరికి రెండు వైపుల నుంచీ ఒకే కబురు నా కోసం సిద్ధంగా ఉంది: "ఆయప్పకు ఇష్టమైతే నాకు అడ్డం లేదని చెప్పు." నేను రెండూ ఒకేసారి చెప్పేశాను.

జేసీబీ వచ్చిన రోజు నేను బడికి సెలవు పెట్టుకుని పోయాను. నేను లేకపోతే ఎట్లా జరుగుతుందా అని. ఆపరేటరు బండిఆత్మకూరు వైపు కుర్రాడు, చెవిలో పాటలు పెట్టుకుని వచ్చాడు. అన్నదమ్ములు గెనిమకు చెరొక వైపు నిలబడ్డారు. కుంట చెరి సగం పోవాలని అనుకున్నాం. సున్నంతో గీత గీశాక చిన్నమామ నన్ను పిలిచాడు.

"నా దిక్కు ఇంకో బారెడు తీయమని చెప్పు. ఆయప్పది కొంచెమే పోనీ."

అది చెప్పాను. మామకు అవమానమైంది.

"ఏం, నాకు భూమి తక్కువుండాదని వానికి జాలా? నా దిక్కే రెండు బారలు తీయమని చెప్పు."

"ఆయప్పకు నల్లరేగడి అంతా ఆడనే ఉండాది. పైరు యాడ వేస్తాడు? నా దిక్కు తీయమను."

"వాని చెట్ల యేర్లు తెగిపోతాయి. నా దిక్కు."

నేను అటూ ఇటూ తిరుగుతున్నాను. జేసీబీ ఇంజను నడుస్తూనే ఉంది. కుర్రాడు చెవిలోవి తీసి, తల బయటికి పెట్టాడు.

"అక్కా, నేను ఎవరి మాట వినాల?"

"గీసిన గీత ప్రకారం తియ్యి" అన్నాను. నేను సొంతంగా అక్కడ చెప్పిన మాట అదొక్కటే.

జేసీబీ తొట్టి గెనిమ మీద పడింది. అన్నదమ్ములు ఇద్దరూ ఒక్క అడుగు వెనక్కి వేశారు. గట్టు మట్టి చాలా ఏళ్లుగా తొక్కుడు పడి గట్టిగా ఉంది, పెళ్లలు పెళ్లలుగా లేచింది. రెండో పట్టుకే తొట్టి దేనికో తగిలి కీచుమంది. కుర్రాడు ఆపాడు. హద్దురాయి. వాళ్ల నాయన పాతించింది. ముప్పాతిక భాగం భూమిలోనే ఉంది.

"దీన్ని ఏం చేయాలప్పా? పక్కకు ఇసిరేద్దునా?"

ఇద్దరూ ఒకేసారి "ఆగు" అన్నారు. ఇద్దరూ గుంతలోకి దిగారు. మామ చేతులతో మట్టి తీశాడు, చిన్నమామ గడ్డపారతో పక్కలు వదులు చేశాడు. రాయి కదిలింది. ఎత్తబోయారు, లేవలేదు. మామకు డెబ్బై దాటాయి, చిన్నమామకు ఎంతో తక్కువ లేవు. కుర్రాడు బండి దిగబోతే నేను చెయ్యి అడ్డం పెట్టాను. ఎందుకు పెట్టానో అప్పుడు తెలియదు.

మామ నడుం వంచి ఉండగానే, తల ఎత్తకుండా, "నీ దిక్కు కొంచెం కిందికి పట్టుకో రా. నడుం పట్టుకుంటాది" అన్నాడు.

"పట్టుకున్నాలేన్నా. నువ్వు కాలు చూసుకో" అన్నాడు చిన్నమామ.

రాయి లేచింది. వాళ్లు దాన్ని మోసుకుని ఒడ్డు మీద పెట్టి, దాని మీదే కూర్చున్నారు. రొప్పుతున్నారు. ఎవరూ ఏడవలేదు, కావిలించుకోలేదు. చిన్నమామ బీడీ తీసి ఇచ్చాడు, మామ "మానేసినా" అన్నాడు. "ఎప్పుడు?" అన్నాడు చిన్నమామ. మామ ఆలోచించి, "నువ్వు బోరు వేసిన ఏడు" అన్నాడు. "ఏ బోరు?" అన్నాడాయన. అది తేలలేదు. నేను ఇంటికి వచ్చి మా అత్తతో చెప్పాను. ఆమె "అట్లనా" అని, ఆ పూట కూర గిన్నె పంపలేదు. చిన్నమామకు ఆకు మా ఇంట్లోనే వేసింది.

కుంట తయారైంది. వాన రాలేదు. ఊళ్లో వాళ్లు వచ్చి చూసి, పిల్లోళ్లు క్రికెట్టు ఆడుకోవడానికి బాగుండాదన్నారు. నిజంగానే ఆడారు. తర్వాత ఒక మధ్యాహ్నం, నేను నంద్యాలలో పాఠం చెబుతుండగా, మబ్బు కమ్మి బడి రేకుల మీద మోత మొదలైంది. పిల్లలకు నా మాట వినపడక ఊరుకున్నాను. కాసేపటికి ఫోన్లో చిన్నమామ, వెనక నీళ్ల చప్పుడు.

"కుంట నిండినాదమ్మా! దిబ్బ మీది మట్టంతా లోపలికి వచ్చినాది. గట్టు ఒకపక్క కోసుకుపోయినాది."

"మామ యాడుండాడు?"

"ఈడనే. తడుస్తాండాడు. చెప్తే వినడు."

వెనక నుంచి మామ గొంతు, "వాడు తడవడం లేదా, వాన్నడుగు" అంది.

కోసుకుపోయిన చోట మళ్లీ కోయకుండా, కొలిమిగుండ్ల నుంచి పనికిరాని నాపరాయి ముక్కలు ట్రాక్టరుకు వేయించుకుని వచ్చి, నీళ్లు దిగే దారిలో పరిచారు. దిబ్బకు అడ్డంగా చిన్న చిన్న కట్టలు వేశారు, నీళ్లు నడిచి రావాలి గానీ పరుగెత్తి రాకూడదని. నిమ్మచెట్లకు డ్రిప్పు పైపులు వచ్చాయి. చిన్నమామ బోరుకు మూత బిగించేశారు. మామది ఒక్కటే ఇద్దరికీ. అదీ కుంట ఎండినప్పుడే.

వరి పోయింది. మామ కొర్ర వేశాడు, మధ్యలో కంది సాళ్లు. ఇంట్లో కొర్రన్నం మొదలైంది. మా అత్త నెయ్యి ఎక్కువ వేసి పెట్టింది. మామ మొదటి ముద్ద చాలాసేపు నమిలి, "ఇదే తింటాండే కోళ్లకు తెలివి ఎక్కువ" అన్నాడు. అది మెచ్చుకోవడమో కాదో మాకు తెలియలేదు. రెండోసారి పెట్టించుకున్నాడు గానీ పండక్కి మాత్రం వరి అన్నమే ఉండాలన్నాడు.

ఇప్పుడు వాళ్లు మాట్లాడుకుంటున్నారు. మాట్లాడుకుంటారంటే, ఎక్కువగా పోట్లాడుకుంటారు. ఎన్నో ఏళ్ల బాకీ ఉంది కదా, తొందరగా తీరేట్టు లేదు. మొదటి వానకే విత్తాలా, రెండో వాన దాకా ఆగాలా అన్నది ఈ ఏటి పోట్లాట. మామ ఆగాలంటాడు, చిన్నమామ సగం ఇప్పుడు, సగం అప్పుడు విత్తుదామంటాడు. ఏదో ఒకటి దక్కుతుందని.

మొన్న ఆదివారం పోయినప్పుడు కుంట అడుగు నెర్రెలు ఇచ్చి ఉంది. మొదటి వాన ఇంకా పడలేదు. కుంట ఎండితే ఎండింది, పని అయితే ఉంది. దిబ్బ మీది నుంచి జారి వచ్చిన ఒండ్రు అడుగున మందంగా పేరుకుంది. దాన్ని తవ్వి మళ్లీ దిబ్బ మీదికే మోసి, గరప నేల మీద పరుస్తున్నారు. నేనూ ఒక తట్ట తీసుకున్నాను. మా ఆయన కూడా ఆ రోజు డ్యూటీ లేక వచ్చాడు, కాసేపు మోసి, టికెట్టు లేకుండా ఇంత దూరం ఎవరూ ప్రయాణం చేయరన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఎండ బాగా ఉంది.

సాయంత్రం అహోబిలం కొండల వైపు మబ్బు పట్టింది. గాలి తిరిగింది, మట్టి వాసన కూడా వచ్చింది. చిన్నమామ తట్ట దించి చూశాడు. మామ చూడలేదు. ఇంటికి వచ్చేసరికి తీగ మీద బట్టలు ఇంకా ఆరుతున్నాయి. "తీసేద్దునా అత్తా?" అన్నాను.

మా అత్త వాకిట్లోకి వచ్చి, ఆకాశం వైపు ఒకసారి చూసి, "ఉండనీ. పడినప్పుడు చూస్తాం" అంది.